రెడ్‌మైర్ చెరువు: యాభై చేపపిల్లలతో మొదలైన చరిత్ర

అడిగినవారి సందేహం ఇది: ఇంగ్లండ్‌లో రెడ్‌మైర్ పూల్ అని మూడెకరాల చెరువు ఒకటుందట, కార్ప్ చేపకి గాలం వేసేవాళ్ళు ఏ దేశంలో ఉన్నా దాని పేరు తలుచుకుంటారట, అంత చిన్న నీళ్ళలో అంత పెద్ద చేపలు ఎలా పెరిగాయి, అక్కడ పట్టిన చేపని లండన్ జూలో పెట్టారన్నది నిజమేనా, ఇప్పుడు వెళ్తే చూడనిస్తారా అని. నేను కైకలూరు పక్క పల్లెలో చేపల చెరువుల మధ్య పెరిగాను, చాలా ఏళ్ళుగా ఇంగ్లండ్‌లో ఉంటూ గాలం వేస్తున్నాను. ఈ చెరువు చరిత్ర అంటే నాకు ప్రాణం, అందుకని తీరిగ్గా చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

ముందు చేప సంగతి తేల్చుకుందాం. కార్ప్ అనగానే మనవాళ్ళలో చాలామంది శీలావతి, బొచ్చె అనుకుంటారు. అవీ ఆ కుటుంబానివే కానీ, ఇంగ్లండ్‌లో కార్ప్ అంటే మనం బంగారుతీగ అని పిలిచే చేప. ఒకటే జాతి. అది మన దేశపు చేప కాదు, 1939లో సిలోన్ నుంచి ఒక రకాన్ని ఊటీకి తెచ్చారు, 1957లో బ్యాంకాక్ రకం కటక్‌కి వచ్చింది. మన వేడి నీళ్ళకి సరిపడి మైదానాల్లో బాగా అల్లుకుపోయింది ఈ రెండోదే. ఇంగ్లండ్‌కి కూడా ఇది బయటి నుంచి వచ్చిన చేపే. 1496లో అచ్చయిన గాలం వేట పుస్తకంలోనే దీన్ని రుచిగల చేప అని, అయితే దేశంలో కొద్దిగానే దొరుకుతుందని రాసి ఉంది. అప్పట్లో తిండి కోసం పెంచేవాళ్ళు, తర్వాత తర్వాత ఇంగ్లీషువాళ్ళు సముద్రపు చేపకి అలవాటుపడి దీన్ని తినడం దాదాపు మానేశారు. ఒళ్ళంతా వరుసగా పొలుసులుంటే కామన్ కార్ప్ అంటారు, వీపు వెంటా తోక దగ్గరా అక్కడక్కడ పెద్ద పొలుసులు తప్ప మిగతా ఒళ్ళు నున్నగా ఉంటే మిర్రర్ కార్ప్. కథలో ముఖ్యమైన చేపలు మూడు, రెండు మిర్రర్లు, ఒక కామన్.

ఇక చెరువు. వేల్స్ సరిహద్దుకి దగ్గర్లో హెర్‌ఫర్డ్‌షైర్ అని ఒక జిల్లా ఉంది, ఆపిల్ తోటలకి, పశువులకి పేరున్న ప్రాంతం. అందులో రాస్-ఆన్-వై అనే ఊరికి పక్కనున్న పల్లెల్లో బెర్నిథన్ కోర్ట్ అని 17వ శతాబ్దపు పెద్ద బంగళా ఒకటి ఉంది. ఆ బంగళా భూముల్లో పారే ఒక చిన్న వాగుకి అడ్డంగా మట్టికట్ట వేసి నీళ్ళు నిలబెట్టారు. అదే చెరువు. కట్ట దగ్గర కాస్త లోతు, వాగు వచ్చి కలిసే వైపు పోయేకొద్దీ లోతు తగ్గిపోయి మెత్తటి బురద, నాచు. గట్ల మీద విల్లో చెట్లు నీళ్ళ మీదికి వంగి ఉంటాయి. మన ఊళ్ళో అయితే దాన్ని చెరువు అని కూడా అనరు, కుంట అంటారు.

ఈ చెరువు చరిత్ర చెప్పేవాళ్ళు ఎవరైనా 1952తో మొదలుపెట్టి రిచర్డ్ వాకర్ పేరు ఎత్తుకుంటారు. వాకర్ గొప్పవాడే, ఆయన దగ్గరికి వస్తాను. కానీ నన్నడిగితే అసలు ఘనత చేపపిల్ల అమ్మినవాడిది. చెరువులు చేసే ఇంట్లో పుట్టినవాణ్ణి కాబట్టి నా కళ్ళు ముందు సీడ్ మీదికే పోతాయి. మంచి సీడ్ లేకపోతే నీళ్ళు ఎంత బాగున్నా, మేత ఎంత వేసినా లాభం లేదని మన దగ్గర ఏ రైతునడిగినా చెప్తాడు.

ఆ మనిషి పేరు డొనాల్డ్ లెనీ. సర్రే ట్రౌట్ ఫామ్ అనే సంస్థ తరఫున చెరువులకి చేపపిల్లలు సరఫరా చేసేవాడు. ఇంగ్లండ్‌లో అప్పటికి ఉన్న కార్ప్ చాలావరకు పాత రకం, సన్నగా పొడుగ్గా ఉండి నెమ్మదిగా పెరిగేది. లెనీ మాత్రం హాలండ్‌లోని వాసెన్ అనే చోట ఉన్న చేపల కేంద్రం నుంచి పిల్లల్ని తెప్పించేవాడు. అవి గలీషియా రకం. ఇది స్పెయిన్‌లో ఉన్న గలీషియా కాదు, ఒకప్పటి ఆస్ట్రియా సామ్రాజ్యంలో భాగంగా ఉండి ఇప్పుడు పోలండ్, ఉక్రెయిన్‌ల మధ్య పంచుకుపోయిన ప్రాంతం. అక్కడ తరతరాలుగా కార్ప్‌ని తిండి కోసం చెరువుల్లో పెంచుతున్నారు, పోలండ్‌లో ఈరోజుకీ క్రిస్మస్ ముందురోజు రాత్రి భోజనంలో కార్ప్ ఉండాల్సిందే. పెంచేవాళ్ళు ప్రతి తరంలో త్వరగా పెరిగేవాటినే, వీపు ఎత్తుగా కండ పట్టినవాటినే తల్లిచేపలుగా ఎంచుకుంటూ వచ్చారు. అలా తయారైన రకం అది.

1934లో బెర్నిథన్ కోర్ట్ చెరువుకి లెనీ యాభై పిల్లల్ని పంపాడు. చెరువులో నాచు విపరీతంగా పెరిగిపోతోందని, కార్ప్ వేస్తే బురద తవ్వి, మొక్కల వేళ్ళు పెకిలించి అదుపులో పెడుతుందని యజమానులు వేయించారు. చేపలు పట్టాలనిగానీ, రికార్డులు కొట్టాలనిగానీ ఎవరికీ ఆలోచన లేదు. లెనీ ఏ చెరువుకి ఏ సంవత్సరం ఎన్ని పిల్లలు పంపాడో లెక్కలు రాసిపెట్టుకున్నాడు కాబట్టి ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాం. ఇంగ్లండ్‌లో తర్వాత పేరు మోసిన చాలా చెరువుల చేపల పుట్టుపూర్వోత్తరాలు ఆ లెక్కల నుంచే బయటపడ్డాయి, అందుకే ఈరోజుకీ లెనీ చేపలు అంటే వంశం పేరు చెప్పుకున్నట్టు చెప్పుకుంటారు.

ఇక్కడ ఆగి ఒక లెక్క చూడండి. మూడెకరాలకి యాభై పిల్లలు, అంటే ఎకరానికి పదిహేడు కూడా నిండదు. మన కొల్లేరు చుట్టుపక్కల ఎకరానికి వేలల్లో వేస్తాం, తవుడు, చెక్క రోజూ సంచులకి కట్టి పెడతాం, చేప కిలో కిలోన్నర కాగానే వల లాగి ఐసు పెట్టి లారీ ఎక్కిస్తాం. మనది వ్యాపారం, అలాగే చెయ్యాలి. అందుకే బంగారుతీగ ఎంత పెరగగలదో మనవాళ్ళు చాలామంది కళ్ళతో చూసి ఉండరు, పెరిగే వయసు రాకముందే చేప మార్కెట్‌లో ఉంటుంది. రెడ్‌మైర్‌లో మేత వేసినవాడు లేడు. నాచులో ఉండే నత్తలు, బురదలో ఉండే ఎర్రపురుగులు, నీటిపురుగులు, అంతే. కానీ ఆ మూడెకరాల తిండీ పంచుకోవడానికి కొన్ని నోళ్ళే ఉన్నాయి. చెరువు లోతు తక్కువ కాబట్టి ఎండకి త్వరగా వేడెక్కుతుంది, చలిదేశంలో కార్ప్ పెరిగేది ఆ వేసవి నెలల్లోనే, చలికాలమంతా దాదాపు కదలకుండా అడుగున పడి ఉంటుంది. ఇలాంటి చోట పిల్ల వేసిన పద్దెనిమిదేళ్ళకి ఇరవై కిలోల చేప బయటికి వచ్చింది. మంచి రకం, తక్కువ సంఖ్య, ఖాళీగా ఉన్న వంటిల్లు లాంటి చెరువు, పైగా ఎవరూ ముట్టుకోకపోవడం. ఈ నాలుగూ కలవడం వల్లే జరిగింది. నీళ్ళలో ఏదో మహిమ ఉందని రాసేవాళ్ళని నేను ఒప్పుకోను.

ఎవరూ ముట్టుకోలేదన్నాను కదా, దానికి ఇంకో కారణం కూడా ఉంది. అప్పట్లో పెద్ద కార్ప్‌ని గాలంతో పట్టడం అయ్యే పని కాదని ఇంగ్లండ్ అంతా నమ్మేది. అది నిజంగా తెలివైన చేప. ఎరని నోట్లోకి లాక్కుని, తేడా అనిపిస్తే క్షణంలో ఊదేస్తుంది. దారం కనపడినా, గట్టు మీద అడుగు చప్పుడైనా ఆ చుట్టుపక్కలకి రాదు. ఒకవేళ గాలం పడినా నాచులోకో చెట్టు వేళ్ళలోకో దూరి దారం తెంపేస్తుంది. అప్పటి రికార్డు ఆల్బర్ట్ బక్లీ అనే ఆయన 1930లో మ్యాపర్లీ రిజర్వాయర్‌లో పట్టిన 26 పౌన్ల చేప, అంటే పన్నెండు కిలోలకి కొంచెం తక్కువ. ఇరవై ఏళ్ళపాటు దాన్ని దాటినవాడు లేడు. దాటడం అదృష్టం ఉంటే తప్ప జరగదని అందరూ అనుకునేవాళ్ళు.

ఈ మాట నమ్మనివాళ్ళు కొద్దిమంది ఉన్నారు. డెనిస్ వాట్‌కిన్స్-పిచ్‌ఫర్డ్ అని బొమ్మలు వేసే మాస్టారు, రచయిత, బీబీ అన్న పేరుతో రాసేవాడు, 1950లో కార్ప్ వేట మీద ఆయన పుస్తకం వచ్చింది. ఆయనా, రిచర్డ్ వాకర్, మారిస్ ఇంగమ్ ఇంకా కొందరు కలిసి 1951లో కార్ప్ క్యాచర్స్ క్లబ్ అని పెట్టుకున్నారు. వీళ్ళు తలో ఊళ్ళో ఉండేవాళ్ళు. అందుకని ఒక ఉత్తరాల కట్ట పోస్టులో ఒకరి నుంచి ఒకరికి తిరిగేది. వచ్చినవాడు చదివి, తను చూసింది, ప్రయత్నించింది, అనుమానపడింది రాసి చేర్చి తర్వాతి మనిషికి పంపేవాడు. ఇప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో మనం చేసేదే, కాకపోతే ఒక్కో ఉత్తరం పేజీలకి పేజీలు ఉండేది, ప్రతి వాక్యం వెనకా నీళ్ళ పక్కన కూర్చుని చూసిన అనుభవం ఉండేది.

సరిగ్గా అదే ఏడాది, 1951 అక్టోబర్ 3న, గ్లాస్టర్‌కి చెందిన బాబ్ రిచర్డ్స్ బెర్నిథన్ చెరువులో 31 పౌన్ల 4 ఔన్సుల మిర్రర్ కార్ప్ పట్టాడు. పద్నాలుగు కిలోల పైమాటే. బక్లీ రికార్డుని ఒక్క దెబ్బకి ఐదు పౌన్ల పైన దాటేశాడు. చేప పట్టాక రిచర్డ్స్ బీబీకి ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరంతోనే ఈ చెరువు సంగతి క్లబ్ చెవిన పడింది. చరిత్రలో వాకర్ చేపకి ఉన్న స్థానం ఈ చేపకి ఇవ్వరు, నాకు అది అన్యాయంగా అనిపిస్తుంది. ఎవరికీ తెలియని మూడెకరాల కుంటలో దేశపు రికార్డు ఉందని చూపించిందీ, పట్టొచ్చని నిరూపించిందీ రిచర్డ్సే. ఆ ఉత్తరం రాకపోతే వాకర్ ఆ గట్టు ఎక్కేవాడే కాదు.

క్లబ్‌వాళ్ళు యజమానుల అనుమతి తీసుకున్నారు, చెరువు ఎక్కడుందో బయటికి పొక్కకూడదని అసలు పేరు దాచి రెడ్‌మైర్ అని పిలవడం మొదలుపెట్టారు. దాచడానికి పెట్టిన పేరే చివరికి లోకమంతా తెలిసిన పేరైంది, బెర్నిథన్ అంటే ఇప్పుడు చాలామంది గాలం వేసేవాళ్ళకే తెలియదు.

ఇప్పుడు వాకర్ సంగతి. 1918లో హిచిన్‌లో పుట్టాడు, కేంబ్రిడ్జ్‌లో ఇంజనీరింగ్ చదివాడు, యుద్ధకాలంలో రాడార్ మీద పనిచేశాడు, తర్వాత కుటుంబానికి చెందిన గడ్డికోత యంత్రాల కంపెనీ చూసుకున్నాడు. కార్ప్ పట్టడం అదృష్టమన్న మాట ఆయనకి నచ్చలేదు. చేప ఎందుకు పడటం లేదో ఒక్కొక్క కారణం విడదీసి, ఒక్కోదానికి విరుగుడు తయారుచేశాడు. ఆ విరుగుళ్ళని కొంచెం దగ్గరగా చూడాలి, ఆయన తెలివి అక్కడే తెలుస్తుంది.

మొదటిది కర్ర. అప్పట్లో దొరికే కర్రలు రెండు రకాలు, చిన్న చేపలకి మెత్తనివి, సాల్మన్‌కి మొద్దువి. మెత్తనిది పెద్ద కార్ప్‌ని ఆపలేదు, మొద్దుది సన్న దారాన్ని పుటుక్కున తెంపేస్తుంది. వాకర్ వెదురుతో పది అడుగుల కర్ర తయారుచేశాడు. వెదురుని నిలువునా చీల్చి, ఒక్కో బద్దనీ మూడు పలకలుగా చిత్రిక పట్టి, అలాంటివి ఆరు కలిపి జిగురుతో అంటిస్తే లోపల బోలు లేకుండా ఆరు పలకల కర్ర వస్తుంది. ఈ పద్ధతి అప్పటికే ఉంది. వాకర్ చేసింది ఏమిటంటే, మొదలు నుంచి కొస దాకా ఎక్కడ ఎంత లావు ఉండాలో లెక్క కట్టాడు, చేప లాగేకొద్దీ కొస, నడుము, మొదలు వరసగా వంగుతూ బరువు పంచుకునేలా. మార్క్ ఫోర్ అని దానికి పేరు. పాత కర్రల్ని సేకరించేవాళ్ళు ఇప్పటికీ దాన్ని మంచి ధర పెట్టి కొంటారు. నేను ఒకసారి చేతిలో పట్టుకుని చూశాను, ఇప్పటి కార్బన్ కర్రల కంటే బరువే, కానీ వంచితే ఎక్కడా గతుకు లేకుండా చేతి దాకా ఒకే ఊపుగా వస్తుంది.

రెండోది అలారం. కార్ప్ ఎక్కువగా మేసేది రాత్రి, చీకట్లో బెండు కనపడదు, రాత్రంతా దారం వేళ్ళతో పట్టుకుని కూర్చోవడం మనిషి వల్ల కాదు. వాకర్ ఒక చిన్న పెట్టె చేశాడు. దారాన్ని దాని మీద ఉన్న సన్నటి పుల్ల పక్కగా పోనిస్తారు. చేప దారం లాగగానే పుల్ల కదులుతుంది, లోపల రెండు రేకులు తగులుకుంటాయి, బ్యాటరీ కరెంటు పారి బజర్ మోగుతుంది. అంతే పరికరం. ఈరోజు ప్రపంచంలో ఏ కార్ప్ చెరువు గట్టు మీదికి వెళ్ళినా వరసగా కుయ్‌కుయ్ మనే ఎలక్ట్రానిక్ అలారాలన్నిటి వెనకా ఉన్న ఆలోచన ఇదే.

మూడోది ఎర. రెడ్‌మైర్ అడుగున నాచు, బురద. బరువైన ఎర వేస్తే నాచులోకి దిగిపోయి చేపకి కనపడదు. అందుకని గాలానికి తడిపి పిసికిన రొట్టె ముద్ద, దానితో పాటు రొట్టె పైపెచ్చు ముక్క కలిపి గుచ్చేవాళ్ళు. ముద్ద మునుగుతుంది, పెచ్చు తేలుతుంది, రెండూ తూగేలా సర్దితే ఎర మెల్లగా దిగి నాచు పైన వాలి ఆగుతుంది. సీసం గుండు కట్టరు, చేపకి అనుమానం వచ్చే బరువు ఏదీ ఉండదు. ఇది చెప్పినంత తేలిక కాదు, రొట్టె తాజాదనాన్ని బట్టి పెచ్చు తేలడం మారిపోతుంది, గట్టు పక్క నీళ్ళలో వేసి చూసుకుంటూ చిటికెడు చిటికెడు సరిచేసుకోవాలి.

1952 సెప్టెంబర్ 13 తెల్లవారుజామున, ఇంకా చీకటి విడవకముందే, వాకర్ అలారం మోగింది. పక్కన స్నేహితుడు పీటర్ థామస్ ఉన్నాడు. గాలం సైజు రెండు, దారం పన్నెండు పౌన్లది, ఎర పైన చెప్పిన రొట్టె. చేప గట్టిగా లాగింది, నాచు వైపు, గట్టు మీది ముళ్ళపొదల వైపు దూరబోతే వాకర్ కర్ర వంచి పక్కకి తిప్పుకుంటూ వచ్చాడు. కళ్ళకి ఏమీ కనపడదు, చేతికి తెలిసే బరువు ఒక్కటే ఆధారం. చివరికి థామస్ వలలోకి తీసుకున్నాడు. తూచితే 44 పౌన్లు, ఇరవై కిలోలు. ఒళ్ళంతా పొలుసులున్న కామన్ కార్ప్. రిచర్డ్స్ రికార్డుకి ఇంకో ఏడాది కూడా నిండలేదు, దాని మీద దాదాపు పదమూడు పౌన్లు ఎక్కువ.

జూ సంగతి నిజమే. ఇంత చేప పట్టానంటే ఎవరూ నమ్మరు, చంపడానికి వాకర్‌కి మనసొప్పలేదు. సంచిలో పెట్టి నీళ్ళలోనే ఉంచి, లండన్ జూకి ఫోన్ చేశాడు. వాళ్ళు బండి వేసుకుని వచ్చి ప్రాణంతో తీసుకెళ్ళి అక్వేరియంలో పెట్టారు. వాకర్ దాన్ని రావియోలీ అని పిలుచుకునేవాడు, జనంలో మాత్రం క్లారిస్సా అన్న పేరే నిలిచింది. 1971 దాకా బతికింది. దాదాపు పంతొమ్మిదేళ్ళు పిల్లలూ పెద్దలూ అద్దం ఇవతల నిలబడి ఆ చేపని చూశారు, వాళ్ళలో ఎంతమంది ఇంటికెళ్ళి కర్ర పట్టారో ఎవరు లెక్కపెట్టగలరు. ఇప్పుడు చూడటానికి ఏమీ లేదు, ఆ పాత అక్వేరియం కూడా 2019లో మూసేశారు.

ఆ తర్వాత ఏడాదే, 1953లో, వాకర్ తన పద్ధతులన్నీ పుస్తకంగా రాశాడు. ఏదీ దాచుకోలేదు. కర్ర లెక్కలు, అలారం, ఎర, చేప ఏ ఎండకి ఏ గాలికి ఎక్కడ ఉంటుంది, అన్నీ చెప్పేశాడు. తర్వాత దశాబ్దాలపాటు పత్రికల్లో వారం వారం రాశాడు, 1985లో చనిపోయేదాకా పాఠకుల ప్రశ్నలకి జవాబులు ఇస్తూనే ఉన్నాడు. పెద్ద కార్ప్ పట్టడం అసాధ్యమన్న మాట రెడ్‌మైర్ గట్టు మీద ఆగిపోయింది, మిగతా దేశమంతా ఆగిపోవడానికి కారణం మాత్రం ఆ రాతలు.

60ల మొదటి సగం త్వరగా దాటేస్తాను, చెప్పుకోవాల్సినంత మార్పు లేదు. 60ల చివర్లో జాక్ హిల్టన్ చెరువుని లీజుకి తీసుకుని కొద్దిమందితో ఒక జట్టు నడిపాడు. క్రిస్ యేట్స్, రాడ్ హచిన్సన్, కెవిన్ క్లిఫర్డ్ లాంటివాళ్ళు ఆ తర్వాత 70లలో రెడ్‌మైర్‌కి వచ్చారు. హచిన్సన్ గురించి ఆగి చెప్పాలి, ఎందుకంటే నా దృష్టిలో వాకర్ తర్వాత ఆ చెరువు నుంచి వచ్చిన పెద్ద ఆలోచన ఆయనదే.

అప్పటిదాకా ఎర అంటే ఒక బంగాళాదుంప, ఒక రొట్టె ముద్ద, పెద్దది ఒకటి. చేప దాన్ని చూస్తుంది, ఒకసారి దెబ్బ తిన్నాక మళ్ళీ దాని దగ్గరికి రాదు. హచిన్సన్ గట్టు పక్కన మాటేసి, చెట్లెక్కి, చేప ఎలా మేస్తుందో గంటలు గంటలు చూశాడు. చేప సహజంగా తినేది చిన్నచిన్న పురుగులు, వందల్లో, ఒక్కచోట తల దించి వరసగా ఏరుకుంటుంది. మరి ఎర కూడా అలాగే ఉండాలి కదా. నానబెట్టి ఉడికించిన శనగలు, బఠానీలు, టిన్నులో వచ్చే స్వీట్‌కార్న్ గింజలు దోసిళ్ళతో చల్లి చేప వాటికి మరిగేలా చేశాడు. అన్ని గింజల్లో ఏ రెండు గింజలకి గాలం ఉందో చేపకి తెలియదు, పోటీపడి తింటున్నప్పుడు అనుమానమూ తగ్గుతుంది. దీన్నే పార్టికల్ బెయిట్ అంటారు. మన చెరువు రైతుకి ఇది వింతగా అనిపించదు, మేత వేళకి చేప ఎలా ఎగబడుతుందో రోజూ చూస్తాడు. కానీ ఇంగ్లండ్ గాలం వేటలో అది తలకిందులు చేసిన మార్పు. శనగలు నానబెట్టకుండా పచ్చివి మాత్రం ఎప్పుడూ చల్లకండి, చేప కడుపులో ఉబ్బి హాని చేస్తాయి, రాత్రంతా నానబెట్టి మెత్తగా ఉడికించాకే వాడాలి.

1980 జూన్ 16. ఇంగ్లండ్‌లో అప్పుడు మార్చి మధ్య నుంచి జూన్ మధ్య దాకా చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట నిషేధం ఉండేది, జూన్ 16 తెరుచుకునే మొదటి రోజు. చెరువుల మీద ఆ నిషేధం తర్వాత 1995లో ఎత్తేశారు గానీ పాతకాలపు వాళ్ళకి ఇప్పటికీ ఆ తేదీ పండగే. ఆ రోజు క్రిస్ యేట్స్ మూడు స్వీట్‌కార్న్ గింజలు గుచ్చిన గాలంతో, వాకర్ రూపొందించిన ఆ పాత మార్క్ ఫోర్ వెదురు కర్రతోనే, 51 పౌన్ల 8 ఔన్సుల మిర్రర్ కార్ప్ పట్టాడు. ఇరవై మూడు కిలోల పైన. ఆ చేప పేరు బిషప్. ఇరవై ఎనిమిదేళ్ళ వాకర్ రికార్డు అదే చెరువులో పోయింది. యేట్స్ దాన్ని తూచి, ఫొటోలు తీసి నీళ్ళలో వదిలేశాడు. అధికారిక కమిటీ దాన్ని రికార్డుగా గుర్తించలేదు. గట్టు మీద కూర్చునేవాళ్ళకి ఆ గుర్తింపు అక్కర్లేదు, బిషప్ బరువు ఎంతో చిన్నపిల్లాడినడిగినా చెప్తాడు.

చేప పట్టి వదిలెయ్యడం ఏంటని మనవాళ్ళు తప్పకుండా అడుగుతారు. ఇక్కడ కార్ప్‌ని తినరు కాబట్టి ఒక కారణం. అసలు కారణం ఆ చేప ఆ సైజుకి రావడానికి ఏళ్ళకేళ్ళు పడుతుంది, ఒకడు కూరొండుకుంటే ఇంకెవరికీ ఉండదు. గట్టు మీద తడిపిన మెత్తటి చాప పరిచి, దాని మీదే పడుకోబెట్టి గాలం తీసి, ఒళ్ళు ఆరకముందే నీళ్ళలో పట్టుకుని, అది దానంతట అది కదిలి వెళ్ళేదాకా ఆగుతారు. ఒకే చేపని ఏళ్ళ తేడాతో చాలామంది పట్టడం, పొలుసుల అమరిక బట్టి ఇది ఫలానా అని గుర్తుపట్టడం, పేర్లు పెట్టడం ఇక్కడ మామూలే. ఆ గౌరవం నాకు ఎంతో నచ్చుతుంది.

బిషప్ తర్వాత రికార్డు రెడ్‌మైర్‌కి తిరిగి రాలేదు. ఎందుకు రాలేదో కూడా సీడ్ లెక్కలోనే ఉంది. 1934 నాటి చేపలు ముసలివై ఒక్కొక్కటే పోయాయి. వాటి పిల్లలు పుట్టి సంఖ్య పెరిగింది, మూడెకరాల తిండి ఎక్కువ నోళ్ళకి పంచబడింది. బురద పేరుకుని చెరువు మేటవేసింది. ఇంకోవైపు దక్షిణ ఇంగ్లండ్‌లో రోడ్లకీ ఇళ్ళకీ కంకర తవ్విన పెద్ద గోతులు నీళ్ళతో నిండి చెరువులయ్యాయి, లోతు, తేట నీళ్ళు, బోలెడు నత్తలు. ఆ తర్వాత పెద్ద చేపలన్నీ అక్కడే. కెంట్‌లోని కానింగ్‌బ్రూక్‌లో టూ టోన్ అనే చేప 2008లో 67 పౌన్ల 14 ఔన్సులు తూగింది, దాదాపు ముప్పై ఒక్క కిలోలు. 2010లో అది చనిపోయినప్పుడు వార్తాపత్రికలు రాశాయి. 70ల చివర్లో గాలానికి బదులు గాలం కింద వెంట్రుక లాంటి సన్న దారానికి ఎర కట్టే హెయిర్ రిగ్ వచ్చింది, ఉడకబెట్టిన ఉండలు బాయిలీలు వచ్చాయి, ఇవి రెండూ వేరే చెరువుల వాళ్ళ పని. వాటి గురించి ఎవరైనా అడిగితే విడిగా రాస్తాను.

రెడ్‌మైర్ గురించి ఇంకో విషయం అడుగుతుంటారు, 44 పౌన్లకంటే, 51 కంటే కూడా చాలా పెద్ద చేప అందులో ఉండేదట కదా అని. చూశామని చెప్పినవాళ్ళు ఉన్నారు, వాళ్ళలో అనుభవం ఉన్నవాళ్ళూ ఉన్నారు, దానికి కింగ్ అని పేరు కూడా ఉంది. కానీ ఎవరి వలలోకీ రాలేదు. నీళ్ళలో చేప ఎప్పుడూ ఉన్నదానికంటే పెద్దదిగా కనపడుతుంది. తక్కెడలో తూగినదాన్నే నేను లెక్కలోకి తీసుకుంటాను.

చివరి ప్రశ్న, వెళ్ళి చూడొచ్చా. అది ప్రైవేటు స్థలం. పార్కులా నడుచుకుంటూ వెళ్ళి గట్టెక్కడానికి వీల్లేదు, అనుమతి లేకుండా దాటితే మర్యాద కాదు. ముందుగా బుక్ చేసుకున్న చిన్న జట్లకి వేట చేసుకునే అవకాశం ఇస్తారు, నెలల ముందే నిండిపోతాయి కాబట్టి లండన్ ట్రిప్‌లో రెండు రోజులు సర్దుదామనుకుంటే కుదరదు. వేట చెయ్యాలంటే పదమూడేళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ ఇచ్చే రాడ్ లైసెన్స్ ఉండాలి, టూరిస్టులకైనా సరే, ఆన్‌లైన్‌లో ఒక రోజుకి కూడా తీసుకోవచ్చు. రెడ్‌మైర్ దొరకకపోతే నిరాశపడకండి. ఇంగ్లండ్‌లో దాదాపు ప్రతి ఊరి చుట్టుపక్కల డబ్బు కట్టి రోజంతా కూర్చోగలిగే కార్ప్ చెరువులు ఉన్నాయి, కర్రలు అద్దెకిచ్చేవి కూడా కొన్ని ఉన్నాయి. జూన్ నుంచి సెప్టెంబర్ మధ్యలో రండి, టిన్ను స్వీట్‌కార్న్, ఒక రొట్టె తెచ్చుకోండి. పెద్ద వల, తడి చాప లేకుండా మాత్రం గట్టు మీదికి రాకండి, చాలాచోట్ల గేటు దగ్గరే ఆపేస్తారు.